నొక్కాలా, ఒత్తాలా, అదమాలా? కంట్రోలర్ ముందు మా పెద్దమ్మ

గుంపులో అందరికీ నమస్కారం. అడగాలనుకున్నది ఒక్క మాట గురించి కాదు, ఒకే పనికి మనం వాడే నాలుగైదు క్రియల గురించి. కాస్త ఓపిగ్గా చదవండి.

మేముండేది బెంగళూరు, కె.ఆర్.పురం దగ్గర. మా పెద్దమ్మది మదనపల్లె. మొన్న సెలవులకు వచ్చి పది రోజులుంది. కార్ల గేమ్ ఆడదాం రా అవ్వా అని మావాడు ఆవిడ చేతిలో కంట్రోలర్ పెట్టాడు. టీవీలో "హోల్డ్ ఆర్2" అని పడింది. "కుడి చూపుడువేలి కింద ఒకటుంది చూడు పెద్దమ్మా, అది నొక్కి పట్టుకో" అన్నాను. ఆవిడ టక్కున ఒకసారి నొక్కి వదిలేసి, ఆ తర్వాత రెండు చేతులతో కంట్రోలర్‌ను గట్టిగా పట్టుకుంది. కారు జానెడు కదిలి ఆగిపోయింది.

"పట్టుకో పెద్దమ్మా!"

"పట్టుకునే ఉండాను కదరా. ఇంకెంత గట్టిగా పట్టుకోవల్ల?"

చూస్తే వేళ్ల కణుపులు తెల్లబడి ఉన్నాయి. నిజానికి ఆవిడ తప్పేమీ లేదు. నొక్కమన్నాను, నొక్కింది. పట్టుకోమన్నాను, పట్టుకుంది.

రెండు రోజుల తర్వాత అందరం ఒక మాల్‌కు వెళ్లాం. అక్కడ గేమ్ పార్లర్‌లో పనిచేసే కన్నడ కుర్రాడు ఆవిడతో "అమ్మా, ఈ గుండి ఒత్తి హిడ్కొళ్లి" అన్నాడు, అంటే ఈ బటన్ ఒత్తి పట్టుకోండి అని. అంతే, ఒత్తింది, వదల్లేదు. కారు దూసుకెళ్లింది. దూసుకెళ్లి గోడకు కొట్టుకుందనుకోండి, అది వేరే సంగతి.

అప్పట్నుంచీ ఇదే ఆలోచన. మా వైపు బెల్లు ఒత్తుతాం, పూరీలు ఒత్తుతాం, మురుకులు ఒత్తుతాం, పెద్దవాళ్ల కాళ్లు ఒత్తుతాం. ఒత్తడంలో బలం కాసేపు నిలబడుతుంది. నొక్కడం చిటికెలో అయిపోతుంది. ఎప్పుడో ఒకసారి సరదాగా ఆడేవాళ్లకు ఈ కంట్రోలర్లు మరీ గజిబిజి అని అందరూ అంటారు కదా, ఆ గజిబిజిలో కొంత మన నోట్లోనే ఉందేమో అని నా అనుమానం. మీ వైపు ఏమంటారో చెప్పండి.

కాకినాడ నుంచి ఒకరు:
మా వైపు అన్నీ నొక్కడమేనండి. వదలొద్దని చెప్పాలంటే "నొక్కి ఉంచు" అంటాం. "పట్టుకో" అనడం దగ్గరే మీరు దెబ్బతిన్నారు. ఇంకో సంగతి, మా ఊళ్లో "నొక్కేశాడు" అంటే డబ్బు కాజేశాడని. చేతివాటం అన్నా అదే. ఈ చర్చ ఆటల్లోంచి దొంగతనాల్లోకి వెళ్లేలా ఉంది, జాగ్రత్త.

వరంగల్ సభ్యుడు:
మేం వత్తుతం. స్విచ్ వత్తు, బటన్ వత్తు. అంగీకి మా దిక్కు గుండీలే ఉంటయి, బొత్తాలు కాదు. మీ కన్నడ పిలగాడు మాకు దగ్గరోడే.

పోస్టు పెట్టినవాణ్ని:
గుండీ అన్నారు కాబట్టి ఒక మాట. కన్నడంలో గుండి అంటే బొత్తామూ అవుతుంది, గొయ్యీ అవుతుంది. బెంగళూరు రోడ్ల మీద రోజూ బండి నడిపేవాళ్లకు ఆ రెండో అర్థమే ముందు గుర్తొస్తుంది. ఇక అచ్చ తెలుగు కావాలి, బొత్తాం వాడండి అని ఇన్‌బాక్స్‌లో అడిగినవారికి: అయ్యా, బొత్తాం కూడా పోర్చుగీసువాళ్లు తెచ్చిందే. మేస్త్రి, అలమర వచ్చిన ఓడలోనే అదీ దిగింది.

నెల్లూరు, విశ్రాంత తెలుగు మాస్టారు:
నాయనా, అచ్చ తెలుగే కావాలంటే మీట ఉండనే ఉంది. అయితే మీట మీటడానికి. వీణ తీగను మీటితే వేలు కిందికి దిగబడదు, ఒరుసుకుని జారి వెనక్కి వస్తుంది. పేపర్లలో "మంత్రిగారు మీట నొక్కి ప్రారంభించారు" అని చదివినప్పుడల్లా నాకు పంటి కింద రాయి పడ్డట్టుంటుంది. మీ యంత్రం మీద చూపుడువేలితో లోపలికి లాగేది ఉందన్నావే, మీట అనాల్సింది దాన్ని ఒక్కదాన్నే. ఇక గజిబిజి సంగతా? వీణకు 7 తీగలు, 24 మెట్లు. దాన్ని ఎవరూ గజిబిజి అనలేదే.

పోస్టు పెట్టినవాణ్ని:
మాస్టారూ, మీట సంగతి ఒప్పుకుంటున్నాను. వీణ సంగతి మాత్రం ఒప్పుకోను. కాఫీకి వచ్చినవాళ్లు పది నిమిషాలు సరదాగా వీణ వాయించి వెళ్లరు కదండీ. ఆట అలా వచ్చి ఆడిపోయేవాళ్లక్కూడా అందాలి.

మారతహళ్లి నుంచి, గేమ్ టెస్టింగ్‌లో ఉన్నవారు:
మాటల చర్చ బాగుంది గానీ లెక్కను అంత తేలిగ్గా తీసిపారేయకండి. 1977లో వచ్చిన అటారీ 2600 అనే ఆట యంత్రానికి ఒక కర్ర (జాయ్‌స్టిక్), ఒక ఎర్ర బటన్, అంతే. 1983లో నింటెండో ఫ్యామికామ్‌కు ఎడమవైపు ప్లస్ గుర్తు, కుడివైపు ఏ, బీ, మధ్యలో సెలెక్ట్, స్టార్ట్. మన ఊళ్లలో తొంభైల్లో టీవీకి తగిలించుకుని ఆడినవి దాని నకళ్లే. ఆ ప్లస్ గుర్తు గున్‌పెయ్ యోకోయ్ ఆలోచన, 1982లో చేతిలో పట్టే గేమ్ అండ్ వాచ్ కోసం చేశాడు. 1990లో సూపర్ ఫ్యామికామ్ వచ్చేసరికి ముందు నాలుగు, భుజాల మీద, అంటే చూపుడువేళ్లు ఆనే పై అంచున, రెండు అయ్యాయి. 1997లో సోనీ డ్యూయల్‌షాక్‌కు రెండు కర్రలు, పైగా ఆ కర్రలనూ లోపలికి నొక్కొచ్చు. ఇప్పటి పీఎస్5 (ప్లేస్టేషన్ 5) కంట్రోలర్ తీసుకుని మీరే లెక్కపెట్టండి: గుర్తులవి 4, దిక్కులవి 4, భుజాలవి 4, కర్రల్లో దాగినవి 2, క్రియేట్, ఆప్షన్స్, పీఎస్, మైకు, మధ్యలో పలక (టచ్‌ప్యాడ్). మొత్తం 19. అటూ ఇటూ తిరిగే రెండు కర్రలు ఇందులో కలపలేదు.

పేర్ల గోల ఇంకోటి. ఎక్స్‌బాక్స్‌లో ఏ కింద, బీ కుడివైపు. నింటెండోలో బీ కింద, ఏ కుడివైపు. ఎక్స్, వై కూడా అటుదిటు. ఒక ఇంట్లో రెండూ ఉంటే వచ్చిన చుట్టం గతి ఊహించండి. ప్లేస్టేషన్‌లో అక్షరాలు వద్దని తెయ్‌యూ గోతో బొమ్మలు పెట్టాడు. సున్నా అంటే సరే, అడ్డగీతలంటే కాదు, ఇదీ ఆయన ఉద్దేశం. జపాన్‌లో అలాగే నడిచింది. బయట దేశాలకు వచ్చేసరికి తలకిందులై అడ్డగీతలే "సరే" అయ్యాయి. 2020లో పీఎస్5తో జపాన్‌లోనూ అదే ఖాయం చేశారు.

పోస్టు పెట్టినవాణ్ని:
అమ్మయ్య, ఇప్పుడర్థమైంది! ఆట మొదట్లో "ఇంటూ గుర్తు నొక్కు" అంటే పెద్దమ్మ ససేమిరా అంది. "తప్పయినప్పుడు కదరా ఇంటూ పెడతారు, ఇంకా ఆట మొదలే కాలేదే" అని సున్నా నొక్కుతూ కూచుంది. నొక్కినప్పుడల్లా ఆట వెనక్కి పోయేది. మావాడు నవ్వాడు గానీ, బళ్లో పలక మీద ఇంటూ పడితే ఏమవుతుందో వాడికేం తెలుసు? ఆవిడ చదువుకున్నది పలక మీదే. ఆ బొమ్మలు గీసినాయన ఉద్దేశాన్ని మా ఇంట్లో సరిగ్గా చదివింది ఆవిడొక్కతే అన్నమాట.

విజయవాడ నుంచి ఒక అక్క:
బటన్లు ఎన్నుంటే ఏముందండీ, మనకు కావలసిన రెండో మూడో వాడుకుని మిగతావి వదిలేస్తాం. మిక్సీలో మూడు స్పీడ్లున్నా నేను వాడేది ఒకటే. నన్ను ఏడిపించేది ఆ రెండు కర్రలు. ఎడమ బొటనవేలు నడిపిస్తుంది, కుడి బొటనవేలు తల తిప్పుతుంది. ఎటు చూస్తే అటు నడవడం కదా మనకు పుట్టుకతో వచ్చింది! మా పిల్లలతో ఆడితే నా బొమ్మ ఆకాశం చూస్తూ వెళ్లి చెరువులో పడుతుంది. నేను వాటికి నడక పుల్ల, చూపు పుల్ల అని పేర్లు పెట్టుకున్నాను. పిల్లలు "అమ్మా, చూపు పుల్ల, చూపు పుల్ల!" అని అరిస్తే వేలు దానంతటదే వెళ్తుంది. "రైట్ స్టిక్" అంటే ముందు కుడి ఏదో చూసుకోవాలి, తర్వాత అది ఏం చేస్తుందో గుర్తు చేసుకోవాలి, ఈలోగా చెరువు వచ్చేస్తుంది. నాకు అచ్చొచ్చింది 2006లో వచ్చిన నింటెండో వీ (Wii) ఒక్కటే. బంతి విసరాలంటే చెయ్యి విసిరితే సరి.

కాకినాడ నుంచి మళ్లీ:
రెండు పుల్లలు పెట్టాక గొడవ రాకుండా ఉంటుందా అక్కా?

ప్రొద్దుటూరు నుంచి ఒక పెద్దాయన:
భుజాల మీదవాటికి పేర్లు నేను చెప్తా. ఎడమది దాపల, కుడిది వలపల. కాడికి కట్టిన ఎద్దుల్ని అట్లనే పిలుస్తాం. మడక దున్నేటప్పుడు ఎడమ కుడి అని ఎవడూ ఆలోచించడు, దాపలెద్దు అంటే చెయ్యి అదే పోతాది.

వరంగల్ సభ్యుడు:
మంచిగున్నది పెద్దనాన్నా, కానీ ఆ మాటలు తెలిసినోళ్ల కాడ ప్లేస్టేషన్ లేదు, ప్లేస్టేషన్ ఉన్నోళ్ల కాడ ఎద్దులు లేవు.

పోస్టు పెట్టినవాణ్ని:
అందరివీ చదివాను. టెస్టింగ్ మిత్రుడి 19 నిజమే. అయితే అక్క చెప్పింది నా మనసుకు దగ్గరగా ఉంది. నేర్పేవాళ్లం చేతికి చెప్పాల్సింది వదిలేసి బటన్ మీది అక్షరం చదివిస్తున్నాం. ఆటవాళ్లు కూడా ఇంగ్లీషులో ప్రెస్ అనే ఒక్క మాటతో వేలు చేసే అరడజను పనులూ కానిచ్చేస్తారు. మన దగ్గర నొక్కు, ఒత్తు, అదుము, మీటు, తట్టు, తోయి అని దేనికది ఉంది. మేం వాటన్నిటినీ హోల్డ్ అన్నా నొక్కే, ప్రెస్ అన్నా నొక్కే అని కుదించేశాం.

మాల్‌కు వెళ్లొచ్చాక పెద్దమ్మ ఉన్న మిగతా వారం రోజులు ఇంట్లో నేను చేసి చూసిందీ ఇదే, ఒక్కో పనికి ఒక్కో క్రియ. ఆర్2 దగ్గర చిక్కేమిటంటే అది పడింది, పడలేదు అనే రకం కాదు. ఎంత లోపలికి పోతే కారుకు అంత వేగం. పెద్దమ్మ ఒత్తడం నేర్చుకున్నాక పూర్తిగా ఒత్తేసేది, ప్రతి మలుపులో గోడే. "మురుకుల గొట్టం ఒత్తినట్టు ఒత్తు పెద్దమ్మా" అన్నాను. ఆవిడ నావైపు చూడలేదు. వేలు కొద్దిగా సడలింది. మలుపు దగ్గర ఇంకా సడలింది, దాటాక మెల్లగా బిగిసింది. నూనెలో మురుకు చుట్ట తిరిగినట్టే తిరిగింది కారు. ఎక్కడ పిండి ఆపాలో నలభై ఏళ్లుగా తెలిసిన చెయ్యి అది. మావాడు నోరు తెరుచుకుని చూశాడు. పందెంలో ఆరో స్థానం వచ్చిందిలెండి, అయినా గోడలన్నీ మిగిలాయి.

కర్రను లోపలికి నొక్కడం, ఆ ఎల్3, ఆర్3 మాత్రం ఏ క్రియతోనూ లొంగలేదు. అక్కడ బటన్ ఉందని పైకి కనబడదు. "ఇట్లా దాపెట్టేదెందుకు, మేమేమన్నా ఎత్తుకుపోతామా?" అని అడిగింది. దానికి దొంగ మీట అని పేరు పెట్టింది. అక్కడ మీట అనొచ్చో లేదో మాస్టారు చెప్పాలి.

నెల్లూరు, విశ్రాంత తెలుగు మాస్టారు:
అనకూడదు. కానీ ఆమె అంటే అననీ.

మారతహళ్లి నుంచి, గేమ్ టెస్టింగ్‌లో ఉన్నవారు:
దొంగ మీటను నేను రేపట్నుంచి ఆఫీసులో వాడతాను. అన్నిటికీ పేర్లు వచ్చాయి గానీ, మొత్తం వస్తువుకు తెలుగు ఏమిటి? నియంత్రిక అని మాత్రం అనకండి, చేతులెత్తి దండం పెడతాను.

పోస్టు పెట్టినవాణ్ని:
ఊరెళ్లాక నిన్న ఫోన్ చేసింది. మనవడితో మాట్లాడి, పెట్టేసే ముందు నన్ను అడిగింది: "ఒరే, ఆ ఎండ్రకాయకు ఛార్జింగ్ పెట్టినారా లేదా?"