బొప్పాయి పూతకొచ్చింది, మగదో ఆడదో తేలడం లేదు

కుండీ_పచ్చదనం: పొద్దున్నుంచి మూడు గంటలు మొక్క దగ్గరే నిలబడ్డాను. ఒక వీడియోలో ఒకటి చెబితే ఇంకో వీడియోలో సరిగ్గా దానికి ఎదురు చెబుతున్నారు. నా బొప్పాయి మొక్కలు రెండూ పూతకొచ్చాయి, మొగ్గలు తెల్లగా ఉన్నాయి. మగదైతే పీకేసి ఆ చోట ఇంకోటి పెట్టమని ఇంట్లో ఒకటే పోరు. గింజ నుంచి పెంచుకున్న మొక్క, నరకాలంటే చేతులు రావడం లేదు. మగదా ఆడదా, ఖాయంగా చెప్పండి ప్లీజ్.

పాదు_మట్టి: పూలకాడ పొడవెంత? పూలు గుత్తులుగా ఉన్నాయా, ఒంటిగా ఉన్నాయా? అది చెప్పకుండా ఎవరూ చెప్పలేరు.

కుండీ_పచ్చదనం: మామూలు కాడే అండి. బొప్పాయి పువ్వు ఎలా ఉంటుందో అలాగే ఉంది.

వేప_కషాయం: పువ్వు సంగతి తర్వాత, ముందు ఆకులు చూడండి. లేత ఆకుల్లో పసుపు మచ్చలు, ఆకు సన్నబడి దారాల్లా అయిపోవడం, కాడ మీద నూనె మరకల్లాంటి చారలు కనిపిస్తే అది రింగ్‌స్పాట్ వైరస్. పేనుబంక ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు అంటిస్తుంది. వచ్చాక నయం చేసే మందు లేదు, మొక్కను తీసేయడమే. పక్కన దోస, గుమ్మడి పాదులుంటే ఇంకా జాగ్రత్త, వాటికీ సోకుతుంది. ఆడ మొక్క అని సంబరపడి ఆకులు చూసుకోకపోతే ఏం లాభం?

కుండీ_పచ్చదనం: ఆకులు బాగున్నాయండి. నేను అడిగింది పువ్వు గురించి.

విత్తుల_డబ్బా: తొందరపడి నరకకండి. బొప్పాయిలో రెండు కాదు, మూడు రకాలు ఉన్నాయి: మగ, ఆడ, ద్విలింగ. మగ చెట్టుకు జానెడు, అంతకంటే పొడవైన కాడలు కిందికి వేలాడుతూ, కొమ్మలు కొమ్మలుగా చీలి, వాటి నిండా సన్నటి గొట్టాల్లాంటి పూలుంటాయి. ఆడ పువ్వు కాండానికి అంటుకున్నట్టు ఆకు మొదట్లో ఒంటిగానో, రెండు మూడుగానో వస్తుంది. మొగ్గ అడుగు లావుగా, కొస మొనదేలి ఉంటుంది. ద్విలింగ పువ్వూ కాండం దగ్గరే వస్తుంది కానీ ఇంత బొద్దుగా ఉండదు, కోలగా ఉంటుంది. అనుమానం ఉంటే ఒక మొగ్గను బ్లేడుతో నిలువునా కోయండి. లోపల గుండ్రటి పిందె ఉండి చుట్టూ పుప్పొడి తిత్తులు లేకపోతే ఆడది. పిందె కోలగా ఉండి తిత్తులూ ఉంటే ద్విలింగం. పిందె ఆనవాలు దారమంత సన్నగా ఉండి తిత్తులే కనిపిస్తే మగది. ఒక్క మొగ్గ పోతే పోయింది, చెట్టు నిలుస్తుంది. పూత రాకముందు ఆకును బట్టి, వేరును బట్టి చెప్తామనేవాళ్ళను నమ్మకండి.

పెరటి_పెద్ద: మా వైపు మగ చెట్టు అనరు, గొడ్డు బొప్పాయి అంటారు. దాని మానులో ఇనుప మేకు దిగగొడితే కాయలు కాస్తుంది. మా నాన్న చేయగా చూశాను.

పాదు_మట్టి: మేకుతో జన్యువు మారదు.

విత్తుల_డబ్బా: పెద్దాయన చూసింది అబద్ధం అనను. కొన్ని మగ చెట్లు వాతావరణం మారినప్పుడు వాటంతటవే ఒకటి రెండు కాయలు కాస్తాయి, ఆ కాయలు పొడవాటి కాడకు వేలాడుతూ ఉంటాయి. ద్విలింగ చెట్లయితే ఎండ ముదిరినప్పుడు పిందె కట్టని పూలు పూస్తాయి, చల్లబడ్డాక మళ్ళీ కాస్తాయి. అందుకే వేసవి పూత చూసి నరికేస్తే బంగారంలాంటి చెట్టు పోతుంది. ఇంకో మాట, గొడ్డు అనడం నాకు నచ్చదు. ఆడ చెట్టుకు పుప్పొడి ఇచ్చేదాన్ని గొడ్డు అంటే ఎలా? పోతు బొప్పాయి అంటే సరిపోతుంది.

పెరటి_పెద్ద: పేరు ఏదైనా కాయనిది కాయనిదే బాబూ. మేకు విషయం నా కళ్ళతో చూశాను.

కుండీ_పచ్చదనం: ఇప్పుడు సరిగ్గా చూశాను. ఒకదానికి పొడవాటి కాడలు వేలాడుతున్నాయి, పూలు చాలా ఉన్నాయి. రెండోదానికి కాండం దగ్గరే మూడు లావు మొగ్గలు. రెండూ ఒకే కాయ గింజలవి, డ్రమ్ముల్లో పెట్టి అయిదు నెలలైంది. ఇది ముందే చెప్పాల్సింది, క్షమించండి.

విత్తుల_డబ్బా: మొదటిది మగదే. ఆ కాయకు పుప్పొడి మగ చెట్టు నుంచి వచ్చిందన్నమాట, కాబట్టి రెండోది ఆడది అయ్యే అవకాశమే ఎక్కువ. ఇప్పుడు మగదాన్ని పీకేస్తే, దగ్గర్లో ఇంకో మగ, ద్విలింగ చెట్టు లేకపోతే ఆడదాని పిందెలు చాలావరకు రాలిపోతాయి, నిలిచినా గింజ లేక చిన్నగా ఉండిపోవచ్చు. రెండూ ఉంచండి. ఆడ పువ్వు విచ్చుకున్న రోజు మగ పువ్వు ఒకటి తెంపి, రేకులు తీసి, ఆడ పువ్వు నడిమి కొసకు మెల్లగా రుద్దితే చాలు. మొదటి పూత కొంత రాలుతుంది, టెన్షన్ పడకండి.

పాదు_మట్టి: డ్రమ్ము అడుగున రంధ్రాలున్నాయా? నీళ్ళు నిలిస్తే బొప్పాయి వేరు రెండు రోజుల్లో కుళ్ళుతుంది.

కుండీ_పచ్చదనం: ఉన్నాయండి. ఒక మొగ్గ కోశాను, లోపల గుండ్రంగా లేతాకుపచ్చ పిందె ఉంది, తిత్తులు లేవు. పోతుదాన్ని పీకడం లేదని ఇంట్లో చెప్పేశాను. థాంక్స్ అండి.

పెరటి_పెద్ద: ఉంచుతున్నారు కదా, ఆ మేకు కూడా ఒకసారి కొట్టి చూడండి.

వేప_కషాయం: ఆకుల అడుగున పేనుబంక ఉందేమో చూశారా?