ఇంజన్ల కార్బన్ పట్టిందట, 900 డాలర్లు అడుగుతున్నరు. ఇయ్యాల్నా?

కొలంబస్, ఒహాయో (ఊరు దేవరకొండ)

అన్నలకు, అక్కలకు నమస్తే. జాబ్ మీద కొత్తగ వచ్చిన. 2014 జర్మన్ కారు సెకండ్ హ్యాండ్ల తీసుకున్న. 2.0 టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్, 88 వేల మైళ్ళు తిరిగింది. పొద్దుగాల స్టార్ట్ చేస్తే అర నిమిషం వణుకుతది, వేడెక్కినంక మంచిగైతది. చెక్ ఇంజన్ లైటు వెలిగింది. సర్వీసోళ్ళు పి0300, పి0302 కోడ్‌లు చూపిచ్చి, ఇన్‌టేక్ వాల్వ్‌లకు (సిలిండర్లకు గాలి పోయే తలుపులు) కార్బన్ పట్టింది, తీయనీకి 900 డాలర్లు అన్నరు. ఇయ్యాల్నా? క్లీనర్ డబ్బా తెచ్చి ట్యాంకుల పోస్తే పోదా?

నోవై, మిషిగన్ (ఊరు జడ్చర్ల)

తమ్మీ, ట్యాంకుల పోసేదానితోని పోదు. ఎందుకు పోదో ముందు తెలుసుకో, తర్వాత ఎవరేం చెప్పినా నువ్వే తేల్చుకుంటవ్.

పాత పోర్ట్ ఇంజెక్షన్ ఇంజన్లల పెట్రోలు ఇన్‌టేక్ వాల్వ్ వెనక భాగం మీద పడి లోపలికి పోతది. పెట్రోల్ల కలిపిన డిటర్జెంటు వాల్వ్‌ను ఎప్పటికప్పుడు కడుగుతుంటది. డైరెక్ట్ ఇంజెక్షన్ల ఇంజెక్టరు సీదా సిలిండర్లనే కొడ్తది, వాల్వ్ వెనకకు పెట్రోలు చుక్క తగలది. క్రాంక్‌కేసుల (ఇంజన్ కింద ఆయిల్ ఉండే భాగం) నుంచి పీసీవీ (ఆ ఆవిరిని మళ్ళ ఇంజన్లకే పంపే వాల్వ్) గుండ వచ్చే ఆయిల్ ఆవిరి మాత్రం ఆ దారినే పోతది. వేడి వాల్వ్ మీద అది మాడి, మిర్చి బజ్జీల బాండికి పట్టిన జిడ్డు లెక్క పొర మీద పొర గట్టిపడ్తది. గాలి పోయే సందు ఇరుకైతది, సిలిండర్ల గాలి సుడి తప్పుతది. సల్లటి ఇంజన్ల ఆ తేడా ఎక్కువ తెలుస్తది, అందుకే పొద్దుగాల వణుకు.

కానీ పి0302 వచ్చిందంటే కార్బనే అని రాసిపెట్టి లేదు. ఆ చివరి అంకె సిలిండర్ నంబరు. రెండో సిలిండర్ల మిస్‌ఫైర్ (పెట్రోలు సరిగ్గ మండకపోవుడు) అయితున్నదని మాత్రమే దాని అర్థం. పి0300 అంటే ఒక్క సిలిండర్‌కు కట్టుబడకుండ అయితున్నది. 900 ఇచ్చే ముందు ఇవి చూడు.

20 డాలర్ల ఓబీడీ రీడరు (కారు కంప్యూటర్ల కోడ్‌లు చదివేది) కొను, ఫోనుకు కలుస్తది. ఇంజన్ సల్లగున్నప్పుడు, కీ తీసేసి, రెండో సిలిండర్ కాయిల్ (స్పార్క్ ప్లగ్‌కు కరెంటు ఇచ్చేది) కనెక్టరు లాక్ లేపి, కాయిల్‌ను నిలువుగ పైకి గుంజు. దాన్ని మూడో సిలిండర్ల పెట్టు, మూడోది రెండోదాంట్ల పెట్టు. కోడ్ చెరిపి, తెల్లారి సల్లటి స్టార్ట్ చెయ్. పి0303 వస్తే కాయిల్ ఖరాబు, కార్బన్ బాధ లేదు. పి0302నే వస్తే స్పార్క్ ప్లగ్‌లు గూడ అట్లనే మార్చి చూడు.

తర్వాత పీసీవీ. ఇంజన్ ఐడిల్ల ఉండంగ ఆయిల్ పోసే మూత తియ్. జెర గుంజుడు ఉంటే మామూలే. మూత రానంత గట్టిగ గుంజుతుంటే, లేకుంటే ఈల లెక్క సప్పుడు వస్తుంటే, పీసీవీ లోపలి రబ్బరు డయాఫ్రమ్ చినిగిందని అర్థం. ఆప్‌ల ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచుతున్నదో, తగ్గిస్తున్నదో చెప్పే అంకె) గూడ చూడు. ఐడిల్ల ప్లస్ 15 దగ్గర ఉండి, 2500 ఆర్‌పీఎమ్‌కు పోతే సున్నా దిక్కు దిగిందంటే ఎక్కడనో దొంగగాలి లోపలికి పోతున్నది.

ఇవన్నీ అయినంకనే కార్బన్ మాట. అప్పుడు గూడ బోరోస్కోప్ (సన్న గొట్టం కెమెరా) ఫోటో చూపియ్యమను. వాల్వ్ ఫోటో చూపియ్యకుండ కార్బన్ అంటే పైసలు తియ్యకు.

ఇంకోటి. లైటు నిలకడగ వెలిగితే నడుపొచ్చు. టపటప కొట్టుకుంటుంటే మాత్రం పక్కకు ఆపు. కాలని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్లకు పోయి అక్కడ కాలితే దాని లోపలి జాలి కరిగిపోతది. ఆ పార్ట్ ముంగట 900 చిన్నది.

డాలస్ (ఊరు సూర్యాపేట)

జడ్చర్ల అన్న చెప్పిన వరుస కరెక్టే. కార్బన్ అని తేలితే మాత్రం వాల్‌నట్ బ్లాస్టింగ్ తప్ప వేరేది వద్దు. అక్రోట్ పెంకుల పొడి అది. అల్యూమినియం గీసుకపోదు, మసిని మాత్రం రాలగొడ్తది. డీలర్ కాకుండ బయటి షాపుల నాలుగు సిలిండర్ల కారుకు 400 నుంచి 800 దాక తీసుకుంటరు. జర్మన్ కార్లే చేసే షాపు చూసుకో, వాళ్ళ దగ్గర నీ ఇంజన్ పోర్ట్‌కు సరిపోయే అడాప్టర్ ఉంటది.

పని ఎట్ల జరగాల్నో తెలిసి ఉంటే షాపోనితోని మాట్లాడొచ్చు. ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల భాగం) ఇప్పుతరు. ఏ సిలిండర్ కడుగుతున్నరో దాని ఇన్‌టేక్ వాల్వ్‌లు పూర్తిగ మూసుకునేదాక క్రాంక్ బోల్టుకు రెంచ్ పెట్టి ఇంజన్ తిరిగే దిక్కే తిప్పాలె. ఇదే అసలు సంగతి. వాల్వ్ జెర తెరిచి ఉన్నా పెంకుపొడి సిలిండర్లకు పోతది, సిలిండర్ గోడల మీద గీతలు పడ్తయ్. మిగిలిన పోర్ట్‌లు మూసి, అడాప్టర్‌కు ఒకదిక్కు వ్యాక్యూమ్ పెట్టి, సుమారు 100 పీఎస్‌ఐ గాలితోని కొన్ని సెకండ్లు కొట్టి ఆపి, మళ్ళ చూసి, మళ్ళ కొట్టాలె. వాల్వ్ కాడ మెరిసేదాక. ఆఖరుకు వ్యాక్యూమ్ పెట్టి గుంజి, గాలి కొట్టి, లైటు పెట్టి చూసినంకనే తర్వాతి సిలిండర్‌కు క్రాంక్ తిప్పాలె.

మానిఫోల్డ్ గ్యాస్కెట్ కొత్తది వెయ్యాలె, పాతది మళ్ళ పెడ్తమంటే ఒప్పుకోకు. మానిఫోల్డ్ ప్లాస్టిక్‌ది, బోల్టులు నడుమ నుంచి బయటికి, టార్క్ రెంచ్‌తోనే బిగియ్యాలె. జోరుగ బిగిస్తే పగులుతది. థ్రాటిల్ బాడీ (గాలి ఎంత పోవాల్నో ఆపే మూత) తుడిస్తే స్కానర్‌తోని అడాప్టేషన్ (దాని స్థానం కంప్యూటర్‌కు మళ్ళ నేర్పుడు) చెయ్యాలె, లేకుంటే ఐడిల్ ఎక్కి దిగుతుంటది.

హై ప్రెషర్ ఫ్యూయల్ పైపు దగ్గర మాత్రం చెయ్యి పెట్టకు. అండ్ల 2000 పీఎస్‌ఐ ప్రెషర్ ఉంటది. ఇంజన్ బందు చేసినంక గూడ కొద్దిసేపు నిలుస్తది.

షాంబర్గ్, ఇల్లినాయ్ (ఊరు గద్వాల)

అందరు బ్లాస్టింగ్ అంటున్నరు గాని, స్ప్రే డబ్బా సంగతి గూడ తెలుసుకో తమ్మీ, యూట్యూబ్ చూసి ఎట్లైన ఒకటి తెచ్చుకుంటవ్. ఇన్‌టేక్ వాల్వ్ క్లీనర్ అని జీడీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్) ఇంజన్లకే ప్రత్యేకంగ అమ్ముతరు. ఇంజన్ మంచిగ వేడెక్కినంక, 2000 ఆర్‌పీఎమ్ దగ్గర ఒకరు పట్టుకోవాలె. ఇంకొకరు గాలి కొలిచే సెన్సార్ దాటినంక పైపుల గొట్టం పెట్టి కొద్దికొద్దిగ కొట్టాలె. సెన్సార్ మీద పడ్డదంటే అది ఖరాబైతది. 3500 దాటనియ్యొద్దు. డబ్బా అయిపోయినంక ఇంజన్ బందు చేసి గంట సేపు వదిలెయ్యాలె, ఆ వేడికే పొర మెత్తవడ్తది. తర్వాత హైవే మీద కనీసం 10 నిమిషాలు నడపాలె. నీది టర్బో గనుక ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని సల్లబరిచేది) దాటినంక, థ్రాటిల్ ముంగట కొట్టాలె. అయితే 10 వేల మైళ్ళకొకసారి మొదటి నుంచి కొట్టుకుంట వచ్చినోళ్ళకే అది పనికొస్తది. 88 వేల మైళ్ళ పొర దానికి ఊడదు.

ఎక్కడ కొడ్తవో గూడ చూసుకో. ఇక్కడ ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌ల కొత్తగ వచ్చిన పిల్లగాడు కవర్డ్ పార్కింగ్ల ఈ పని చేసిండు. గంట ఆగి స్టార్ట్ చేస్తే సైలెన్సర్ల నుంచి తెల్లపొగ కమ్ముకున్నది. పక్కింటోళ్ళు 911కు ఫోన్ కొట్టిన్రు, ఫైరింజన్ వచ్చింది. ఏం కాలేదు గాని, రెండు రోజులకు లీజింగ్ ఆఫీసు నుంచి నోటీసు. ప్రాపర్టీల బండి రిపేరు చెయ్యొద్దని లీజుల రాసి ఉన్నదట, ఆ పేజీ ఆయన చదవలేదు. ఇంకా ఘోరం ఏందంటే, ఆయన స్లాట్ల ఎప్పటిదో ఆయిల్ మరక ఉన్నది, అది గూడ ఈయన మీదనే వేసిన్రు. దిగేటప్పటి ఫోటోలు ఆయన దగ్గర లేవు. నా బండి కారదని ఎంత చెప్పినా వినలే. ఆఖరుకు ఒక పెద్ద అట్టముక్క రాత్రంత ఇంజన్ కింద పరిచి, పొద్దుగాల దాని మీద చుక్క లేదని తేదీతోని ఫోటో పెట్టి ఈమెయిల్ కొట్టిండు. మెయిల్‌కు జవాబు రాలే. ఖాళీ చేసినంక డిపాజిట్ల నుంచి మరక పైసలు పట్టుకున్నరు. ఇల్లినాయ్‌ల ఐదు యూనిట్లు (ఇండ్లు) గాని, అంతకన్న ఎక్కువ గాని ఉన్న బిల్డింగ్ అయితే దేనికెంత పట్టుకున్నరో 30 రోజుల్ల లెక్క రాసియ్యాలె. ఆ లెక్క రాలేదని రాతపూర్వకంగ అడిగినంకనే పైసలు తిరిగొచ్చినయ్. ఒహాయోల రూలు వేరుంటది, నీ లీజు తీసి రిపేర్ల పేజీ చదువు. పార్కింగ్ స్లాట్ ఫోటో ఇయ్యాల్లనే తీసిపెట్టుకో.

డాలస్ (ఊరు సూర్యాపేట)

బ్లాస్టింగ్ అయినంక క్యాచ్ క్యాన్ పెట్టించుకో. పీసీవీ పైపుల నడుమ పెడ్తే ఆయిల్ ఆవిరి డబ్బాలనే ఆగుతది, మళ్ళ మసి పట్టుడు తగ్గుతది.

నోవై, మిషిగన్ (ఊరు జడ్చర్ల)

సూర్యాపేట అన్నా, టెక్సస్‌ల నడుస్తది. ఒహాయో చలికాలంల ఆ డబ్బాల ఆయిల్ కంటే నీళ్ళే ఎక్కువ చేరుతయ్. సున్నా కిందికి పోయిందంటే గడ్డకట్టి పైపు మూసుకపోతది. క్రాంక్‌కేసుల ప్రెషర్ పెరిగి వెనక సీల్ నుంచి ఆయిల్ తన్నుకొస్తది. సీల్ మార్చాల్నంటే గేర్‌బాక్స్ దించాలె. కొత్తోనికి ఈ సలహా ఇయ్యొద్దు.

డాలస్ (ఊరు సూర్యాపేట)

చలికాలంల వారానికోసారి ఖాళీ చేస్తే గడ్డకట్టది. పెట్టకుంటే మళ్ళ కొన్ని వేల మైళ్ళకు ఇదే ఖర్చు.

నోవై, మిషిగన్ (ఊరు జడ్చర్ల)

మైనస్ 15ల వారం వారం బానెట్ లేపి ఎవరు ఖాళీ చేస్తరన్నా? దానికంటే ఆయిల్ మంచిది పోసుడు నయం. కార్ల కంపెనీ మాన్యువల్ల రాసిన అప్రూవల్ నంబరు సీసా మీద ఉండాలె. ఆవిరయ్యే గుణం తక్కువున్నది చూసుకోవాలె. దాన్ని నోయాక్ అంటరు. ఏపీఐ స్టాండర్డ్ 15 శాతం దాక ఒప్పుకుంటది, యూరప్ స్టాండర్డ్ ఆయిల్స్ 13 లోపు ఉంటయ్. కంపెనీ 10 వేల మైళ్ళు అన్నా, ఆఫీసుకు మూడు మైళ్ళు పోయి వచ్చే బండికి 5 వేలకే మార్చాలె. చిన్నచిన్న ట్రిప్పులల్ల ఆయిల్ల పెట్రోలు, నీళ్ళు కలుస్తయ్. ఇంజన్ పూరా వేడెక్కితేనే అవి పోతయ్.

శాక్రమెంటో (ఊరు నాగర్‌కర్నూల్)

తమ్ముడూ, ఇంజన్ సంగతి అన్నలు చెప్పారు, నేను కాగితాల సంగతి చెప్తాను. బయటి షాపులో చేయిస్తే వారంటీ పోతుందని డీలర్ దగ్గర అంటారు. 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, బయట సర్వీసు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ కాదనడానికి వీల్లేదు. కాకపోతే ప్రతి ఆయిల్ మార్పు రశీదు, తేదీ, మైళ్ళతో సహా దాచుకోవాలి. సెకండ్ హ్యాండ్ కాబట్టి పాత ఓనర్ రికార్డు కూడా అడుగు. క్యాటలిటిక్ కన్వర్టర్‌కు ఫెడరల్ వారంటీ 8 ఏళ్ళు లేదా 80 వేల మైళ్ళు, ఏది ముందైతే అది. నీ బండికి రెండూ దాటాయి, అందుకే లైటు కొట్టుకుంటుంటే నడపొద్దన్న మాట గట్టిగా పట్టుకో.

పని మొదలుపెట్టకముందే రాతలో ఎస్టిమేట్ తీసుకో. మా కాలిఫోర్నియాలో అది షాపు వాళ్ళు ఇచ్చి తీరాల్సిందే, ముందే అడిగితే తీసేసిన పార్టులు కూడా తిరిగి ఇవ్వాలి. ఎక్కడైనా అడగడంలో తప్పులేదు. ఎస్టిమేట్ మీద "ఫ్యూయల్ ఇండక్షన్ సర్వీస్" అని ఉంటే అది థ్రాటిల్‌లో మందు పోసే పని, బ్లాస్టింగ్ కాదు. 900 దేనికి అడిగారో ఆ పేరు చూసి చెప్పు.

తర్వాతి కారు కొనేటప్పుడు పోర్ట్, డైరెక్ట్ రెండూ ఉన్న ఇంజన్ చూసుకో. టొయోటా డీ-4ఎస్ అలాంటిదే, 2018 నుంచి వచ్చిన 2.5 క్యామ్రీలో ఉంది. వాల్వ్ కడగడానికి పోర్ట్ ఇంజెక్టర్ ఉండనే ఉంటుంది.

అట్లాంటా (ఊరు నల్లగొండ)

ప్రీమియం పెట్రోలు పోస్తే కార్బన్ పట్టదంటరు కదా? మా నాయిన నల్లగొండల కొత్త టర్బో పెట్రోల్ కారు కొన్నడు, ఆయనకేం చెప్పాలె?

నోవై, మిషిగన్ (ఊరు జడ్చర్ల)

ప్రీమియం అంటే ఆక్టేన్, డిటర్జెంట్ వేరే సంగతి. టాప్ టియర్ (డిటర్జెంటు ఎక్కువ కలుపుతరని ఇచ్చే గుర్తు) ఉన్న బంకుల రెగ్యులర్ల గూడ డిటర్జెంటు ఉంటది. మాన్యువల్ ప్రీమియం అడిగితే నాకింగ్ రాకుండ అదే పొయ్యాలె. అయితే ఏ పెట్రోలైనా డైరెక్ట్ ఇంజెక్షన్ల ఇంజెక్టర్‌నే కడుగుతది, వాల్వ్ దాక పోదు.

ఊర్ల కారుకు ముందు ఇంజన్ ఏందో చూడు. హ్యుందాయ్ 1.0 టర్బో జీడీఐ, ఫోక్స్‌వ్యాగన్, స్కోడా టీఎస్ఐ ఇవి డైరెక్ట్. స్విఫ్ట్, వ్యాగనార్ అసొంటివి పోర్ట్, వాటికి ఈ తిప్పల లేదు. క్లాక్‌టవర్ దాక, మార్కెట్ దాక పోయి వచ్చుడే ఉంటే ఆయిల్ జల్ది మార్పియ్యమను. హైడ్రోజన్ మిషన్ పెట్టి డీకార్బనైజింగ్ చేస్తమని ఎవరన్న అంటే ఒప్పుకోవద్దను, వాల్వ్ వెనక గట్టిపడ్డ పొర దానికి రాదు.

కొలంబస్, ఒహాయో (ఊరు దేవరకొండ)

కాయిల్, ప్లగ్ రెండు మార్చి చూసిన, కోడ్ రెండో సిలిండర్ మీదనే ఉన్నది. ఆయిల్ మూత గట్టిగ గుంజుతున్నది, ఈల గూడ వస్తున్నది. ఎస్టిమేట్ మీద అక్క చెప్పినట్టే ఫ్యూయల్ ఇండక్షన్ అని ఉన్నది.

నోవై, మిషిగన్ (ఊరు జడ్చర్ల)

అయితే ఆ 900 ఇయ్యకు. ముందు పీసీవీ మార్చు. నీ ఇంజన్ మీద అది పైననే ఉంటే టార్క్స్ బిట్‌తోని స్క్రూలు తీసి, కింద అంటుకున్న పాత సీల్ ముక్కలు లోపల పడకుండ తుడిచి, కొత్తది పెట్టు. అగ్వకు వస్తదని ఊరుపేరు లేని పార్ట్ కొనకు, ఆ డయాఫ్రమ్ జల్ది చినుగుతది. కోడ్ చెరిపి, రెండు మూడు సల్లటి స్టార్ట్‌లు చూడు, ఫ్యూయల్ ట్రిమ్ రాసుకో. ట్రిమ్ సున్నా దగ్గరికొచ్చి గూడ రెండో సిలిండర్ వణుకుతుంటే, అప్పుడు బోరోస్కోప్ ఫోటో తీపిచ్చి ఇక్కడ పెట్టు. వాల్వ్ కాడ మందం చూస్తే బ్లాస్టింగ్ కావాల్నో వద్దో చెప్తం. ఒకవేళ మానిఫోల్డ్ ఇప్పాల్సొస్తే అదే రోజు ఇంజెక్టర్ సీల్స్ సంగతి గూడ అడుగు, మళ్ళ ఇప్పే కూలి మిగుల్తది.