ఇంటి నుంచి పని చేసేవాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే సెలవు పెట్టాలా, చెప్పి వెళ్తే చాలా?

పటమటలంక:
మూడేళ్లుగా ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాను. పోయిన బుధవారం నాన్నను బీపీ చెకప్‌కు సూర్యారావుపేట తీసుకెళ్లాను. పదింటికి రమ్మన్నారు కదా, పదకొండున్నర మీటింగుకు ఇంటికొచ్చేస్తాం అనుకున్నాను. తీరా వెళ్తే మా టోకెన్ 34, లోపల నడుస్తున్నది 11. సెలవు పెట్టలేదు. లిఫ్టు పక్కన నిలబడి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోన్లోనే మీటింగులో చేరాను. సరిగ్గా నేను మాట్లాడాల్సిన సమయానికి నర్సు "ముప్పై నాలుగూ" అని కేకేసింది. "నువ్వు మాట్లాడుకోమ్మా, నేను వెళ్తాలే" అంటూ నాన్న ఫైలు పట్టుకుని ఒక్కరే లోపలికి వెళ్లారు. ఐదు నిమిషాల్లో బయటికొచ్చారు. చీటీలో పాత మాత్ర కొట్టేసి కొత్తది రాసి ఉంది. ఎందుకు మార్చారని అడిగితే "ఏదో చెప్పారమ్మా, సరిగా వినపడలేదు" అన్నారు. అక్కడ మీటింగులో నా మాటలూ సగమే వినపడ్డాయట.

కాసేపు బయటికి వెళ్లినందుకు పూట సెలవు పోగొట్టుకోవాలా? చెప్పి వెళ్లి, రాత్రి కూర్చుని పని పూర్తి చేస్తే చాలని నా ఉద్దేశం. మీరేమంటారు?

బ్రాడీపేట నాలుగో లైను:
ముందు ఆసుపత్రికి ఫోన్ చేసి ఆ మాత్ర సంగతి కనుక్కోండి. ఇక సెలవంటారా, పెట్టాల్సిందే. నేను పన్నెండు మంది టీమును నడుపుతున్నాను. మనిషి ఉండరని తెలిస్తే మీటింగు మధ్యాహ్నానికి జరుపుకుంటాం. పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతూ మనిషి లేకపోతేనే చిక్కు. మీరు రాత్రి చేసే పని కోసం పగలంతా ఇద్దరు చేతులు కట్టుకుని కూర్చుంటారు. ఆఫీసుకు వెళ్లే రోజుల్లో ఇదే పనికి హాఫ్ డే లీవు పెట్టేవాళ్లం కదా?

సత్యనారాయణపురం:
ఆఫీసుకు వెళ్లే రోజుల్లో ఇన్ని పనులు మా నెత్తిన పడేవి కావండీ. మావారు ఆఫీసుకు వెళ్తారు, నాది ఇంటి నుంచి. "నువ్వు ఇంట్లోనే ఉంటావుగా" అనే ఒక్క మాటతో గ్యాస్ బండ వస్తే ఓటీపీ చెప్పడం, అత్తయ్యగారి కంటి డాక్టరు, పాప స్కూల్లో పేరెంట్స్ మీటింగు, ఆధార్‌లో అడ్రసు మార్పు అన్నీ నావే అయ్యాయి. అన్నిటికీ సెలవు పెడుతూ పోతే జూన్‌కల్లా నా సెలవులు అయిపోతాయి. ముందు ఇంట్లోవాళ్లు పంచుకుంటారో లేదో తేలాలి. శనివారం అయ్యేవి శనివారానికి తోసి, మిగతావి చెరొకటి రాసి ఫ్రిజ్ మీద అంటించాను. మొదట్లో ముఖం మాడ్చుకున్నారు. ఇప్పుడు కంటి డాక్టరు మావారి వంతు.

గుంటూరు, లక్ష్మీపురం:
మాది అమెరికా క్లయింటు. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదంటే మనకు సాయంత్రం ఆరున్నర. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పాక, మార్చి దాకా ఏడున్నర. కొత్తపేటలో మా పిల్లల డాక్టరు సాయంత్రం ఓపీ ఆరింటికి మొదలు. అంటే బాబుకు జ్వరమొస్తే చలికాలంలో అయితేనే కాస్త వీలు! పగలు ఖాళీ కదా అంటారు. రాత్రి రెండింటి దాకా పని చేసి పొద్దున్నే టోకెన్ కోసం వెళ్తే పోయేది నిద్ర. బ్రాడీపేట గారూ, రాత్రి పదకొండుకు కాల్‌లోకి పిలిచినప్పుడు దాన్ని ఎవరూ పూట జీతంగా లెక్కగట్టలేదు. మా దగ్గర తీసుకునేటప్పుడు గంటలు, కోసేటప్పుడు పూటలా?

బ్రాడీపేట నాలుగో లైను:
అది న్యాయమైన మాటే. మా దగ్గర గంటల సెలవు లేదు. పెట్టమని పైవాళ్లకు రాస్తాను. కానీ ఓపీకి ఎంతసేపు పడుతుందో ముందే ఎవరు చెప్పగలరు? పటమటలంక గారికి ఆ రోజు ఎంత పట్టింది?

పటమటలంక:
మూడున్నర గంటలండీ. మీరు చెప్పినట్టే ఆసుపత్రికి ఫోన్ చేశాను. పాత మాత్రతో కాళ్లు వాస్తున్నాయని నాన్నే చెప్పారట, అందుకే మార్చారట. కాళ్లు వాస్తున్న సంగతి ఇంట్లో నాతో ఒక్కసారీ అనలేదు. ఎందుకు చెప్పలేదు నాన్నా అంటే "నువ్వు ఎప్పుడు చూసినా మీటింగులోనే ఉంటావు కదమ్మా" అన్నారు. అప్పటి నుంచి మనసు మనసులో లేదు.

ఆధార్‌కు, బ్యాంకుకు ఇప్పటికీ చెప్పే వెళ్తాను, దానికి సెలవు పెట్టను. వచ్చే నెల నాన్న రివ్యూకు మాత్రం పూట సెలవు పెట్టేశాను. సూర్యారావుపేటలో మొదటి పది టోకెన్లలో ఉండాలంటే ఎన్నింటికి వెళ్లి పేరు రాయించాలో తెలిసినవాళ్లు చెప్పండి.