నీతికి మీటరు కావాలా, సహచరుడి మాట చాలా?

పర్లాకిమిడి నుండి (చర్చ ప్రారంభం)

రోల్‌ప్లేయింగ్ గేములలో (ఆటగాడు ఒక పాత్రగా మారి కథలో నిర్ణయాలు తీసుకునే వీడియో గేములలో) మంచిచెడ్డల ఎంపికను తెర మీద ఒక మీటరుతో కొలిచి చూపడం అవసరమా, లేక మన వెంట నడిచే సహచర పాత్రల స్పందన చాలునా అన్నది నేను చర్చకు పెడుతున్న ప్రశ్న. నా పక్షం ముందే చెబుతాను: ఆ కొలత అనవసరం, పైగా అది ఆటగాడి ఆలోచనను పక్కదారి పట్టిస్తుంది. 2010లో వచ్చిన మాస్ ఎఫెక్ట్ 2లో మన సహచరులైన మిరాండా, జాక్ గొడవపడినప్పుడు ఇద్దరినీ సమాధానపరచాలంటే అప్పటికే పారగాన్ పాయింట్లనో (దయకు వచ్చేవి) రెనిగేడ్ పాయింట్లనో (కాఠిన్యానికి వచ్చేవి) తగినంతగా కూడబెట్టుకొని ఉండాలి. సందర్భాన్ని బట్టి ఒకచోట దయగా, మరొకచోట కఠినంగా వ్యవహరించినవారికి ఆ దారి మూసుకుపోవచ్చు. అప్పుడు ఒకరి పక్షం వహించి మరొకరి విధేయతను పోగొట్టుకోవాలి. ఆ లోటు చివరి దాడిలో ప్రాణం మీదికి కూడా వస్తుంది. ప్రతి సందర్భాన్నీ విడిగా తూచి నిర్ణయించినవారికి ఇది అన్యాయం.

బరంపురం నుండి

మీ ఉదాహరణను అంగీకరిస్తాను, తీర్పును అంగీకరించలేను. సహచరుడి అభిమానం కూడా లోపల ఒక అంకే కదా. డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్ (2009)లో సహచరురాలు మోరిగన్‌కు నచ్చని పని చేసి, ఆ తరువాత ఆమెకు ఇష్టమైన నగ ఒకటి చేతిలో పెడితే తగ్గిన అభిమానం మళ్ళీ పెరుగుతుంది. కానుకలతో కొనగలిగిన దాన్ని నీతికి గీటురాయి అనడం ఎలా? లెక్క ఉండటంలో తప్పు లేదు, దాన్ని ఆటగాడికి ఎర వేసినట్టు చూపడమే తప్పు. 1985 నాటి అల్టిమా 4 ఎనిమిది సద్గుణాల లెక్కను తెర వెనుకే నడిపేది. చూపులేని మూలికల వ్యాపారికి ఇవ్వవలసిన దానికంటే తక్కువ నాణేలు ఇచ్చి బయటపడవచ్చు, కాని ఆట దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. ఏ సహచరుడూ మందలించకుండానే అక్కడ నీతి పనిచేసింది.

పర్లాకిమిడి నుండి

కానుకల విషయంలో మీరన్నది నిజం, నాకూ అది ఆ ఆటలో నచ్చని భాగమే. అయితే అదే ఆటలో మరో సహచరుడు అలిస్టర్‌ను చూడండి. తనను గ్రే వార్డెన్ల యోధదళంలో చేర్చుకున్న గురువు డంకన్ మరణానికి కారకుడైన లోగెయిన్‌ను మనం క్షమించి దళంలో చేర్చుకుంటే, అంతవరకు ఎంత అభిమానం కూడబెట్టినా అలిస్టర్ మన జట్టులో నిలవడు. ఏ కానుకా అతన్ని వెనక్కి తేదు. క్షమించడానికి మనకు ఒక న్యాయం ఉండవచ్చు, క్షమించలేకపోవడానికి అతనికీ ఒక న్యాయం ఉంది; మీటరు ఈ రెంటిలో ఏదో ఒకదానికి మార్కు వేసి ఊరుకుంటుంది.

అంతకంటే బలమైన సాక్ష్యం 2004లో వచ్చిన నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్ 2లో ఉంది. నార్ షడ్డా అనే చోట వీధిలో ఒక బిచ్చగాడు డబ్బు అడుగుతాడు. ఇస్తే, ఆ డబ్బు కోసమే మరొకడు అతన్ని కొట్టే దృశ్యాన్ని సహచరురాలు క్రెయా మనకు చూపిస్తుంది. కసురుకొని పంపితే, అతనే వెళ్ళి ఇంకొకరి మీద పడటాన్ని చూపిస్తుంది. మీటరు మాత్రం దానం చేసినవాణ్ణి వెలుగు (అంటే మంచి) వైపు జరిపేసి తన పని ముగిసిందనుకుంటుంది. ఈ ఘట్టం గురించి మా మిత్రబృందంలో ఇంట్లో తెలుగులోను, కాలేజీ దగ్గర ఒడియాలోను వాదించుకున్నాం, ఇప్పటికీ వాదించుకుంటాం. ఫలితం తెలియని దానం మేలు చేయదన్న క్రెయా మాట తప్పని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే పర్యవసానం పూర్తిగా తెలియదన్న కారణంతో ఆకలిగొన్నవాడికి చేయి చాచకపోవడం నాకు సమ్మతం కాదు. కాని ఆ నమ్మకానికి నేను కారణాలు వెతుక్కోవలసి వచ్చింది ఆమె వల్లనే. మీటరుతో ఎవరైనా వాదించగలరా?

గుణుపురం నుండి

ఇద్దరికీ నమస్కారం. మీరు సేవ్ ఫైళ్ళ (ఆటను ఒక దశలో భద్రపరచి, తరువాత అక్కడికే తిరిగి వెళ్ళే వీలు) సంగతి వదిలేశారు. బాల్డర్స్ గేట్ 3 (2023)లో దాడిదళ నాయకురాలు మింథారా పక్షాన చేరి శరణార్థులున్న వనం మీద దాడి చేస్తే సహచరులు విల్, కార్లాక్ మనల్ని విడిచిపోతారు. బాధాకరమే, కాని పాత సేవ్ తెరిస్తే ఇద్దరూ తిరిగి వచ్చేస్తారు. వెనక్కి తీసుకోగలిగిన ఎంపికకు బరువెక్కడిది? అదే ఏడాది చివర చేర్చిన ఆనర్ మోడ్ అనే కఠినమైన ఆటపద్ధతిలో ఆటకంతటికీ ఒకే సేవ్ ఉంటుంది, నా దృష్టిలో అసలు ఆట అదే.

బరంపురం నుండి

గుణుపురం మిత్రులారా, వానాకాలంలో మన జిల్లాలలో కరెంటు ఎన్నిసార్లు పోతుందో మీకు చెప్పనక్కరలేదు. ఒకే సేవ్ మీద అంత పెద్ద ఆటను నిలబెట్టమని నేను ఎవరికీ చెప్పలేను. అయినా, వనం మీద దాడి చేశాక పాత సేవ్ తెరిచేది ఎందుకు? కార్లాక్ లేని శిబిరాన్ని భరించలేకనే కదా. ఆ బాధ బరువు కాదంటే ఒప్పుకోను.

పర్లాకిమిడి నుండి

బరంపురం వారు ఈ మాటతో సగం నా పక్షానికి వచ్చారు. మిగిలిన సగానికి డిస్కో ఎలీసియం (2019) ఆడి చూడమని కోరుతున్నాను. అందులో మనతో కలిసి హత్యకేసు దర్యాప్తు చేసే కిమ్ కిత్సురగి మన మీద ఉంచిన నమ్మకానికి తెర మీద అంకె కనిపించదు. మనం మాట తూలితే అతను చాలాసార్లు నోటుబుక్కులో ఏదో రాసుకుంటాడు, అంతే. ఆ లెక్క మీరు కోరినట్టు తెర వెనుకే ఉంది, నేను కోరినట్టు ఒక మనిషి ముఖంలోనూ ఉంది. పూర్తిచేసిన తరువాత కూడా మీటరే మేలనిపిస్తే, ఏ ఘట్టంలో అలా అనిపించిందో ఇక్కడ రాయండి, అక్కడి నుంచే కొనసాగిద్దాం.