ఈ వారం సమస్య: "ఇంటిపేరు విడువ నిల్లు నిలిచె" (ఆటవెలది)

పద్యాలపిచ్చి: అందరికీ నమస్కారం. పోయినసారి పురాణాలు వద్దు బాబూ అని గోల చేశారు కదా, అందుకే ఈసారి గేమ్ ఇచ్చా. పైన ఇచ్చింది నాలుగో పాదం, ముందు మూడు పాదాలూ మీరు రాయాలి. ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్, 1997లో ప్లేస్టేషన్‌కి వచ్చింది, 2007లో పీఎస్‌పీకి, మళ్ళీ 2025లో కొత్త మెరుగులతో. అందులో బియోల్వ్ కుటుంబం తెలుసుగా, పెద్దాయన బార్బనెత్, కొడుకులు డైస్‌డార్గ్, జల్బాగ్, వేరే తల్లికి పుట్టిన రామ్జా, అతని చెల్లి ఆల్మా. ఎవరు ఏం చేసినా "ఇంటి కోసమే" అంటారు, ఆ "ఇల్లు" ఒక్కొక్కరికి ఒక్కోటి. అదే పద్యంలో పట్టుకోండి. స్పాయిలర్లు ఉంటాయి, ఆడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి.

గోదారిగట్టు: ముందు నాది.

తండ్రి మాట నిలుప తల్లిపేరును దాల్చి
కూలిబంటు వోలెఁ గూడు వెదకి
రామ్జ వెడలి పోయె రాజ్యమే వెలివేయ
ఇంటిపేరు విడువ నిల్లు నిలిచె

రెండో అధ్యాయంలో రామ్జా బియోల్వ్ అని చెప్పుకోకుండా తల్లివైపు పేరు లూగ్రియా పెట్టుకుని గాఫ్గారియన్ దగ్గర కిరాయి సైనికుడిగా తిరుగుతాడు కదా, అదీ సంగతి. రామ్జాని రామ్జ చేశాను, ఛందస్సు కోసం క్షమించాలి.

పద్యాలపిచ్చి: "కూలిబంటు", "గూడు" యతి, అదే పాదం మొదటి అక్షరానికి మధ్యలో పడాల్సిన జోడీ, హాయిగా పడింది. మూడో పాదం చివర మాత్రం విసంధి, కలవాల్సిన సంధి కలపలేదు. వేయన్ మీద ఇంటి వస్తే "వెలివేయ / నింటిపేరు" కావాలి, యతికేం ఢోకా లేదు. ఇంకోటి, రాజ్యం కన్నా ముందు వెలివేసింది గుడివాళ్ళు, మతద్రోహి అని ముద్ర వేసింది వాళ్ళే, కానీ సర్లే రాజ్యమన్నా నడుస్తుంది.

వరంగల్‌వాలా: నేను నడిపోని మీద రాసిన. అందరు రామ్జా రామ్జా అంటరు గానీ నాకు జల్బాగ్‌ని చూస్తెనే బాధైతది.

పెద్దకొడుకు విషము పెట్టెఁ దండ్రికి నాఁడు
నడిమివాఁడు దాని నమ్మఁడాయె
చిన్నవాఁడు చెప్పి చీత్కార మందెను
ఇంటిపేరు విడువ నిల్లు నిలిచె

గోదారిగట్టు: అన్నా పద్యం బావుంది కానీ కథ తప్పింది. రామ్జా వెళ్ళి చెప్పింది విషం సంగతి కాదు, యువరాణి ఒవీలియా అపహరణ వెనక మన పెద్దన్న డైస్‌డార్గే ఉన్నాడని. అప్పుడు జల్బాగ్ కసిరి పంపించేశాడు. తండ్రికి పెట్టిన పుట్టగొడుగు విషం గురించి జల్బాగ్‌కి తెలిసింది చాలా ఆలస్యంగా, తెలిశాక మాత్రం ఒక్క క్షణం ఆగకుండా అన్న మీదే కత్తి దూశాడు.

వరంగల్‌వాలా: అవ్ గదా, రెండు కలిపేసిన. "దాని" తీసి ఏదన్న పెడత. పద్యంల మాత్రం నాకు కావాల్సింది "నమ్మఁడాయె" అన్న మాటే, వాడు చెడ్డోడు కాదు, ఇంట్ల అట్ల జరగదని నమ్ముకున్నోడు.

కొత్తకవి: సార్ ఇది నా మొదటి ప్రయత్నం. రామ్జా చిన్ననాటి స్నేహితుడు డెలిటా వైపు నుంచి రాద్దామని మొదలుపెట్టాను, రెండో పాదం "కూలె, డెలిటా గుండె మండె" అని వచ్చింది, ఎక్కడో తన్నుకుంటోంది.

పద్యాలపిచ్చి: రెండోది "డెలిటా" కదా, రెండు లఘువులు (పొట్టి అక్షరాలు) ఒక గురువు (పొడుగు అక్షరం), అది సూర్యగణం కాదు, సూర్యగణమంటే గురువు లఘువు, లేదా మూడు లఘువులు. పైగా ఈ పాదంలో ఐదు సూర్యగణాలుండాలి, మీకు నాలుగు గుంపులే ఉన్నాయి. "డెలిట" అంటే మూడూ లఘువులే, సరిపోతుంది. మళ్ళీ రాయండి.

కొత్తకవి: రెండు గంటలు పట్టింది, నవ్వకండి.

చెల్లి మంచునందుఁ జెలికాని యెదుటనే
కూలఁ జూచి డెలిట గుండె మండె
అన్న యాజ్ఞఁ గాంచి యా రామ్జ సిగ్గుతో
నింటిపేరు విడువ నిల్లు నిలిచె

పద్యాలపిచ్చి: నవ్వటమా! "సిగ్గుతో / నింటిపేరు" అని ద్రుతం (మాట చివరి నకారం) సరిగ్గా కలిపారు, సీనియర్లే తప్పిన చోట. జీక్డెన్ కోట, మంచు, డెలిటా చెల్లి టియెట్రా, అన్నీ వచ్చేశాయి. బాణం వేసిన ఆర్గత్ రాలేదు గానీ వాడిదీ ఇంటిపేరు గోలే, చితికిపోయిన తన వంశాన్ని లేపుకోవాలని ఆజ్ఞ రాగానే వేసేశాడు.

అత్తిలిఅమ్మాయి: నాకు గేమ్ తెలీదు, మా తమ్ముడు ఆడుతుంటే పక్కన కూర్చుని కథ విన్నా అంతే. ఇదిగో.

ఆటలోన నేల యంత రాద్ధాంతమో
ఆడపిల్ల కెపుడు నదియె కాదె
మెట్టినట్టి చోట మేలుకై తాఁ బుట్టి
నింటిపేరు విడువ నిల్లు నిలిచె

పద్యాలపిచ్చి: అమ్మో. "బుట్టి / నింటిపేరు" అని విరిచి సమస్యనే తిప్పేశావు. విషయం దాటింది కాబట్టి మార్కులు ఇవ్వలేను, ఇవ్వకుండా ఉండలేను కూడా.

గోదారిగట్టు: డెలిటాని పెళ్ళాడిన ఒవీలియా మెట్టిన ఇల్లు మాత్రం నిలవలేదమ్మా, చివర్లో ఆవిడ డెలిటాని పొడిచింది, వాడు ఆవిణ్ణి పొడిచాడు.

చెన్నపట్నం: అసలు నాకు సమస్యే నచ్చలేదండీ. ఏ ఇల్లు నిలిచింది? ఇగ్రోస్ కోటలో అన్నదమ్ములు కొట్టుకున్నారు, పెద్దాడు మకరరాశి గుర్తున్న మాయరాయి పట్టుకుని రాక్షసుడైపోయాడు, నడిపోడు పోయాడు, దేశం దృష్టిలో రామ్జా మతద్రోహి, నిజం రాసిపెట్టిన ఒర్రాన్‌ని కాల్చేశారు. చరిత్రలో వీరుడు డెలిటా, వాడికి ఆ ఇంటిపేరే లేదు. గోడలు కూడా మిగల్లేదు, నిలిచె అంటారేంటి?

వరంగల్‌వాలా: గోడలెవరికి గావాలె. బార్బనెత్ పోయేటప్పుడు న్యాయంగా బతుకు బిడ్డా అని చెప్పింది రామ్జాకే గదా, డెలిటాతోని కలిసి అకాడమీకి పంపిందీ ఆయనే. పెద్దోడికి ఇల్లంటే కుర్చీ, తండ్రిని తీసేసిండు, తను కొలిచే లార్గ్ ప్రభువుని గూడ పొడిచిండు. నడిపోనికి ఇల్లంటే అన్న మాట. నాయిన చెప్పినట్టు బతికినోడు ఒక్కడే, వాడు ఆ పేరు వదిలిపెట్టినోడే. గట్ల అర్థం జేస్కోరాదు.

చెన్నపట్నం: ఊ. ఒప్పుకోను గానీ, ఒప్పుకోకుండా పద్యం రాయొచ్చు కదా. చివర్లో జల్బాగ్‌ని చచ్చాక లేపి తమ్ముడి మీదకే వదులుతారు, వాడే నన్ను చంపెయ్ అని వేడుకుంటాడు.

ప్రాణ మున్న శవము బతిమాలెఁ దమ్ముని
చంపు చంపు మనుచు జాలిగొలుప
కత్తి దూసి రామ్జ కన్నీటితో నిల్చి

ఇక్కడ ఆగిపోయాను. నాలుగో పాదం మీరిచ్చిందే కదా, అది దీనికి అతకట్లేదు.

పద్యాలపిచ్చి: అతకదు, "నిల్చి" దగ్గర దారి మూసేసుకున్నారు. మొదటి రెండు పాదాలు ముట్టుకోకండి, మూడోది మొత్తం మార్చండి. ఆదివారం రాత్రి దాకా టైముంది.