ఎల్929 మీడియమా, కొన్న ఎం-సీఎస్ఎఫ్ఫా?

తెల్లకోటు: ఎలుక తొడ ఎముక మజ్జ నుంచి మ్యాక్రోఫేజ్‌లు (సూక్ష్మజీవుల్ని మింగే రోగనిరోధక కణాలు) పెంచుతున్నాను. వాటికి ఎం-సీఎస్ఎఫ్ అనే సైటోకైన్ (కణాలకు సంకేతాలిచ్చే ప్రోటీన్) కావాలి కదా. మా ల్యాబ్‌లో దాన్ని వదిలే ఎల్929 అనే ఎలుక కణాలను వారం పైన పెంచి, ఆ మీడియం (కణాలు పెరిగిన ద్రవం) వడగట్టి 20 శాతం కలుపుతాం. కొత్తగా చేరిన సీనియర్ అక్క "ఇంకా ఈ నాటు సరుకేనా? రివ్యూయర్ ఊరుకోడు, రీకాంబినెంట్ (జన్యు మార్పిడితో తయారుచేసి, శుద్ధి చేసి అమ్మేది) కొను" అంటోంది. గైడ్ సారేమో బడ్జెట్ చూడమంటున్నారు. ఏం చేయమంటారు?

పాత పిప్పెట్: కొనండి. ఎల్929 కణాలు ఎం-సీఎస్ఎఫ్ ఒక్కటే వదలవు. ఇంకేమేం కలిశాయో, ఈ బ్యాచ్‌లో ఎంతుందో ఎవరు చెప్తారు? ఖర్చంటారా, లెక్కేయండి. ఎలుకకు ఆరు ప్లేట్లు, మధ్యలో ఫీడింగ్‌తో (కొత్త మీడియం పోయడం) కలిపి ప్లేటుకు 15 ఎంఎల్, అంటే 90 ఎంఎల్. ఎంఎల్‌కు 20 నానోగ్రాముల చొప్పున 1.8 మైక్రోగ్రాములు. 10 మైక్రోగ్రాముల వయల్ ఐదు ఎలుకలకు వస్తుంది.

ఎలుకలమ్మ: లెక్క బాగుంది పిప్పెట్ గారూ. ఇండెంట్ పెట్టి, కొటేషన్లు తెప్పించి, ఆ వయల్ చేతికొచ్చే రోజు కూడా లెక్కేయండి! పైగా కొన్నది కదా అని నమ్మడం నేను మానేశాను. ఒకసారి ఈ.కోలై బ్యాక్టీరియాలో తయారైన ఎలుక ఐఎల్-4 (ఇంకో సైటోకైన్) వేస్తే మ్యాక్రోఫేజ్‌లు టీఎన్ఎఫ్ అనే వాపు పెంచే ప్రోటీన్ కక్కాయి. ఐఎల్-4 వేస్తే అది తగ్గాలి గానీ పెరగడమేంటి? తప్పు నాదేనేమో అని రెండు వారాలు టెన్షన్. చివరికి కొంచెం ట్యూబులో పోసి మరగబెట్టి వేశా. అయినా టీఎన్ఎఫ్ అంతే! మరిగిస్తే ప్రోటీన్ పాడవుతుంది, ఈ.కోలై నుంచి వచ్చే ఎండోటాక్సిన్ అనే విషం చెక్కుచెదరదు. ఆ విషాన్ని పట్టేసే పాలీమిక్సిన్ బి కలిపితే టీఎన్ఎఫ్ దిగింది.

పాత పిప్పెట్: అందుకే లేబుల్ మీద ఎండోటాక్సిన్ అంకె చూసి కొనాలి. మీ ఎల్929లో మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియా ఉంటే? 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లోంచి కూడా దూరిపోతుంది.

ఎలుకలమ్మ: అది మాత్రం కాదనను. నేను ప్రతి బ్యాచ్‌కీ పీసీఆర్ చేస్తాను, అన్నీ కలిపి ఒకే పూల్‌గా ఫ్రీజ్ చేస్తాను.

సందేహాలరావు: మా ఫ్రిజ్‌లో మనిషి ఎం-సీఎస్ఎఫ్ ఉంది. పనికొస్తుందా అన్నా?

పాత పిప్పెట్: ఎలుక కణాల మీద పనిచేస్తుంది తమ్ముడూ. ఎలుకది మాత్రం మనిషి కణాల మీద పనిచేయదు. అలాగని అన్నిటికీ ఇదే ధైర్యం చేయకు. ఐఎల్-4, జీఎం-సీఎస్ఎఫ్, ఇంటర్‌ఫెరాన్ గామా అనే సైటోకైన్లు ఏ జీవివి ఆ జీవికే.

తెల్లకోటు: ఒక ఎలుక మజ్జనే సగం ప్లేట్లకు మా మీడియంతో, సగం కొన్నదానితో పెంచి, ఎఫ్4/80 (ఎలుక మ్యాక్రోఫేజ్‌లను గుర్తుపట్టే ప్రోటీన్) స్టెయిన్, ఏమీ వేయని బావుల్లో (ప్లేటులోని చిన్న గుంటలు) టీఎన్ఎఫ్ పోల్చి చూస్తాను. తేడా లేకపోతే సార్ మాటే. మైకోప్లాస్మా టెస్ట్ చివరిసారి ఎప్పుడు చేశారని ల్యాబ్‌లో అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రేపు ముందు ఆ పని.