సున్నం రాజయ్య గారి వర్ధంతి సభలో ఏం మాట్లాడాలి?

ప్రశ్న:
ఆగస్టులో మా ఊళ్ళో భద్రాచలం మాజీ ఎమ్మెల్యే సున్నం రాజయ్య గారి వర్ధంతి సభ పెడుతున్నారు. కుర్రాళ్ళ తరఫున నన్ను ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. ఆయన పోయినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. ఫోన్లో వెతికితే ఆటోలో అసెంబ్లీకి వెళ్ళేవారు, బస్సులో తిరిగేవారు అనే వస్తోంది. ఇంకేం చెప్పాలి? టెన్షన్‌గా ఉంది. చింతూరు, వి.ఆర్.పురం వైపు పెద్దవాళ్ళెవరైనా చెప్పండి.

జవాబు (కూనవరం నుంచి):
తమ్ముడూ, ఆటో సంగతి చెప్పు, తప్పులేదు. కానీ అక్కడే ఆగిపోకు. నిరాడంబరుడు అని దండ వేసి ఊరుకుంటే ఆయన చేసిన పని మరుగున పడుతుంది. ఆ ఆటో దిగి ఎవరి కోసం మాట్లాడాడో చెప్పు.

భద్రాచలం నుంచి సీపీఎం తరఫున 1999, 2004, 2014లో గెలిచారు. మధ్యలో 2009లో ఓడిపోయారు. 2014లో తెలంగాణ అసెంబ్లీలో ఆ పార్టీకి ఆయనొక్కరే. ఒక్కడే లేచి పోడు భూముల (అడవి కొట్టి సాగు చేసుకునే భూముల) గురించి అడగాలి, పోలవరం ముంపు గురించి అడగాలి. పోడు అంటే మీ తరానికి పట్టా కాగితం. 2006లో అటవీ హక్కుల చట్టం రాకముందు అది కేసు. మా నాన్న కూడా కోర్టు వాయిదాలకు తిరిగినవాడే. అలాంటి ఇళ్ళలో పుట్టిన కోయ మనిషి అసెంబ్లీలో మన మాట చెప్తుంటే మాకెంత ధైర్యంగా ఉండేదో!

ఇంకోటి తప్పకుండా చెప్పాలి. 2014లో మనం ఓటేసి నెల తిరిగేసరికి, పోలవరం ముంపు పేరుతో మన మండలాలను ఆంధ్రలో కలుపుతూ ఆర్డినెన్స్ వచ్చింది. జూలైలో పార్లమెంటు కూడా ఒప్పుకుంది. రాజయ్యన్న సొంతూరు సున్నంవారిగూడెం కూడా ఇటే వచ్చేసింది. ఎమ్మెల్యే పదవి తెలంగాణలో, ఇల్లు ఆంధ్రలో. ఆ తర్వాత 2019లో రంపచోడవరంలో నిలబడి ఓడిపోయారు. అది దాచకు. ఓడినా మన మధ్యే ఉన్నాడని చెప్పు.

జవాబు (భద్రాచలం నుంచి):
బాబూ, నేను రిటైర్డ్ టీచర్ని. వాళ్ళ పార్టీకి ఎప్పుడూ ఓటెయ్యలేదు, అయినా ఆయనంటే గౌరవం. 2020లో కరోనాతో విజయవాడలో పోయారు. మామూలు రోజులైతే ఏజెన్సీ అంతా కదిలి వచ్చేది. ఆ రోజుల్లో కడసారి చూపుకి కూడా పోలేకపోయాం. కాబట్టి నీ ఐదు నిమిషాల్లో రెండు నిమిషాలు ముసలివాళ్ళకివ్వు. స్టేజీ ఎక్కమనకు, మైకే వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళు. సంవత్సరాలు మాత్రం కాగితం మీద రాసుకో, తడబడకుండా ఉంటావు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్యూ అన్నా, థాంక్యూ మేడమ్. పోడు సంగతి మా తాతని అడిగాను, గంటసేపు చెప్పాడు. ఆయన్నే ముందు మాట్లాడమంటున్నాను, కోయలోనే. తర్వాత నేను తెలుగులో చెప్తాను. పది నిమిషాలు ఇమ్మని కమిటీవాళ్ళని ఈ రాత్రే అడుగుతాను.